సిగ్గు లేదా అని అడిగితే

మా అక్క భర్త, అంటే మా బావ, మంచి మనిషి. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసింది చదివాక మీరు ఆయన్ని తిట్టుకునే ప్రమాదం ఉంది. నేను గే అన్న సంగతి ఇంట్లో తెలిసిన రోజున గోల చెయ్యనిది ఆయనొక్కడే. "నీ బతుకు నీ ఇష్టంరా" అని తేల్చేసి, ఆ తర్వాత పెళ్లి సంబంధాల ఫోన్లు నా దాకా రాకుండా అడ్డం పడ్డది కూడా ఆయనే. అలాంటి మనిషి, నేను మా లాంటివాళ్లు ఏటా వీధిలో చేసే ప్రైడ్ మార్చ్‌లో ఉన్న ఫొటో ఎవరో పంపితే చూసి, వెంటనే ఫోన్ చేశాడు. "గర్వపడ్డానికి ఏముందిరా బామ్మర్దీ అందులో? కష్టపడి సాధించావా ఏమన్నా? ఉన్నారు, ఉండండి, ఎవరు కాదన్నారు? పద్ధతిగా ఉండక నడిరోడ్డు మీద ఆ రంగులేంటి, ఆ డాన్సులేంటి? సిగ్గు లేదట్రా?"

ఆ పూట ఏదో గొణిగి పెట్టేశాను. మంచి జవాబులు నాకెప్పుడూ ఫోన్ పెట్టేశాకే తడతాయి. తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్నలు నములుతూ, పాత సంగతులు వెతుక్కుని చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, బావ కొత్తగా ఏమీ అడగలేదు. అర్ధ శతాబ్దం కిందట ఈ మార్చ్ మొదలుపెట్టినవాళ్లు కూడా సరిగ్గా వీటి మీదే ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకున్నారు.

ముందు ఆ గర్వం సంగతి. ఇందులో తప్పు బావది కాదు, మాటది. తెలుగులో గర్వం అణగాల్సిన వస్తువు. వాడికి గర్వం తలకెక్కిందంటాం, గర్వభంగం అయితే సంబరపడతాం. మన దృష్టిలో గర్వానికి ఎదురుగా ఉండేది వినయం. ప్రైడ్ అని పేరు పెట్టుకున్నవాళ్లకి మాత్రం దానికి ఎదురుగా కనిపించింది సిగ్గు. డాక్టరు రోగమన్నాడు (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం జబ్బుల జాబితాలోంచి గే కావడాన్ని తీసేసింది 1973 డిసెంబర్లో), జడ్జి నేరమన్నాడు, చర్చి పాపమంది, ఇంట్లోవాళ్లు పరువు పోయిందన్నారు. నాలుగు వైపుల నుంచీ తల దించుకో, తల దించుకో అంటుంటే, దించుకోను అని చెప్పడానికి ఒక మాట కావాలి కదా, ఆ మాట ఇది. హైదరాబాదులో 2013లో మొదలైన మార్చ్‌కి "క్వియర్ స్వాభిమాన యాత్ర" అని పేరు పెట్టినవాళ్లు ఈ చిక్కుని బాగా పసిగట్టారనిపిస్తుంది. స్వాభిమానం అనగానే బావ మొదటి ప్రశ్న దానంతటదే ఊడిపోతుంది. అది కష్టపడి సాధించేది కాదు, పోకుండా చూసుకునేది.

సరే, స్వాభిమానం ఇంట్లో కూర్చుని పడొచ్చు కదా, రోడ్డెందుకు? ఇది గట్టి ప్రశ్న. దీని దగ్గర కాసేపు ఆగాలి.

మన భాషలో ఊరేగింపు అన్న మాటకి రెండు ముఖాలున్నాయి. దేవుణ్ని ఊరేగిస్తాం, పెళ్లికొడుకుని ఊరేగిస్తాం. తప్పు చేశాడనుకున్నవాణ్ని గుండు గీయించి, సున్నపు బొట్లు పెట్టి, గాడిద మీద కూడా ఊరేగిస్తాం. అదే వీధి, చూసే జనం అదే జనం. ఒకటి పల్లకీ, ఇంకోటి గాడిద. మా లాంటి వాళ్లకి చాలా దేశాల్లో చాలాకాలం దక్కింది ఆ రెండోది. 1950లు, 60ల్లో అమెరికాలో బార్ల మీద పోలీసులు దాడి చేస్తే జైలు కంటే ఎక్కువ భయం మర్నాటి పేపరంటే ఉండేది. పేరు, అడ్రసు, ఎక్కడ పనిచేస్తాడో అచ్చేసేవాళ్లు, ఉద్యోగం ఊడేది, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చేది. ఇంకా తర్వాత సంగతి: 1978 జూన్ 24 రాత్రి సిడ్నీలో మొదటి మార్డీ గ్రా అనే గే హక్కుల ఊరేగింపులో పోలీసులు 53 మందిని పట్టుకెళ్లారు, ఒక పెద్ద దినపత్రిక వాళ్ల పేర్లూ అడ్రసులూ వృత్తులూ వేసేసింది. ఆ పత్రిక క్షమాపణ చెప్పింది 2016లో, అంటే 38 ఏళ్లకి. కేసులు చాలావరకు కొట్టేశారు, అచ్చయిన పేర్లని ఎవరూ కొట్టెయ్యలేకపోయారు.

ఇది తెలిశాక నాకు ప్రైడ్ మార్చ్ వేరేగా కనపడటం మొదలైంది. మమ్మల్ని గాడిద మీద ఊరేగిస్తామని బెదిరించే చోట, మేమే ముందుగా బయటికొచ్చి ఊరేగితే ఇంక బెదిరించడానికి ఏం మిగులుతుంది? పేరు అచ్చేస్తానంటావా, ఇదిగో అట్ట మీద నేనే రాసుకొచ్చాను.

అందరూ చెప్పే కథ న్యూయార్కులో స్టోన్‌వాల్ ఇన్ దగ్గర మొదలవుతుంది. అదేదో పుణ్యస్థలం అనుకోకండి. మాఫియా నడిపే బారు, లిక్కర్ లైసెన్సు లేదు, మందులో నీళ్లు కలిపేవాళ్లు, గ్లాసులు కడగడానికి కౌంటర్ వెనక పంపు కూడా లేదట. మాఫియా ఎందుకు నడిపిందంటే, గే మనుషులు చేరే బారుని అసభ్య స్థలం కింద లెక్కగట్టి మూయించే పరిస్థితి ఉన్నప్పుడు, మర్యాదస్తుడైన వ్యాపారి ఎవడు నడుపుతాడు? పోలీసులకి మామూళ్లు ముట్టేవి, అయినా దాడులు జరిగేవి. 1969 జూన్ 28 తెల్లవారుజామున జరిగింది అలాంటి ఇంకో దాడి, తేడా ఏంటంటే ఈసారి బయటికి గెంటేసినవాళ్లు ఇళ్లకి పోలేదు. చిల్లర నాణేలు విసరడంతో మొదలై సీసాలు, రాళ్ల దాకా పోయింది, దాడికొచ్చిన పోలీసులే బారులో తలుపులేసుకుని కూర్చోవాల్సొచ్చింది. గొడవ ఆ రాత్రితో ఆగక ఆగుతూ సాగుతూ చాలా రాత్రులు నడిచింది. మొదటి ఇటుక ఎవరు విసిరారని ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కొట్టుకుంటారు. ఎక్కువమంది చెప్పే పేరు మార్షా పి. జాన్సన్, కానీ తను వచ్చేసరికే గొడవ మొదలైపోయిందని ఆమే చెప్పింది. ఆమె అంత నిజాయితీగా చెప్పాక కూడా మనకి ఇటుక కావాలి, హీరో ఎంట్రీ ఫైటు లేకపోతే తిరుగుబాటు అనిపించదు కాబోలు.

నన్ను ఇంతకంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో సంగతి. స్టోన్‌వాల్ మొదటిది కాదు. అంతకు మూడేళ్ల ముందు, 1966 ఆగస్టులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాంప్టన్స్ అనే కాఫెటేరియాలో ట్రాన్స్ మహిళలు పోలీసుల మీద తిరగబడ్డారు, కాఫీ కప్పు పోలీసు మొహాన పడింది, కిటికీ అద్దాలు పగిలాయి. ధైర్యం అంతే, కోపం అంతే. కానీ దాన్ని లోకం దాదాపు మూడు దశాబ్దాలు మర్చేపోయింది. సుసాన్ స్ట్రైకర్ అనే చరిత్రకారిణి 1990ల్లో పాత కాగితాలు తిరగేస్తుంటే ఆ ప్రస్తావన ఎక్కడ కనపడిందనుకున్నారు? 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రైడ్ ఊరేగింపు కోసం వేసిన ఒక కార్యక్రమ పుస్తకంలో! స్టోన్‌వాల్ గుర్తుండిపోయింది, కాంప్టన్స్ గల్లంతయింది, ఎందుకంటే ఒకదానికి మర్నాటి ఏడాది నుంచీ తద్దినం పెట్టినట్టు క్రమం తప్పకుండా జనం రోడ్డెక్కారు, రెండోదానికి ఎవరూ ఎక్కలేదు. "పండగలు చేసుకుంటే హక్కులొస్తాయా" అని వెక్కిరించేవాళ్లకి నేను చూపించేది దీన్నే. జరిగినదాన్ని చరిత్రగా నిలబెట్టిందే ఏటేటా చేసిన పండగ.

ఇక బావకి బాగా ఇష్టమైన మాట: పద్ధతి. పద్ధతిగా అడిగి చూడలేదా అంటే, చూశారు బావా, చాలా పద్ధతిగా చూశారు. ఫ్రాంక్ కామెనీ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త, హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసినవాడు, అమెరికా సైన్యానికి మ్యాపులు తయారుచేసే విభాగంలో పనిచేసేవాడు. 1957లో గే అన్న కారణంతో తీసేశారు. ఆయన నోరు మూసుకుని ఇంటికి పోకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, కోర్టు కేసు వినడానికి కూడా ఒప్పుకోలేదు. 1965 నుంచి ఏటా జులై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్ ముందు ఆయనా ఇంకొందరూ కలిసి ప్లకార్డులు పట్టుకుని నడిచేవాళ్లు. నియమాలు ఎలా ఉండేవంటే, మగవాళ్లు కోటూ టై వేసుకోవాలి, ఆడవాళ్లు గౌను వేసుకోవాలి, వలయంగా నిశ్శబ్దంగా తిరగాలి. ఉద్యోగాలడిగేవాళ్లం ఉద్యోగస్తుల్లా కనపడాలన్నది ఆయన వాదన. జులై నెల ఎండలో కోట్లు! ఎంతమంది పట్టించుకున్నారంటే, రోడ్డున పోయేవాళ్లు ఆగి వింతగా చూసి వెళ్లిపోయేవాళ్లు.

1969 జులై 4. స్టోన్‌వాల్ జరిగి వారం కాలేదు. ఆ వలయంలో నడుస్తున్న ఇద్దరు అమ్మాయిలు చేతులు పట్టుకున్నారు. కామెనీ గబగబా వచ్చి వాళ్ల చేతులు విడగొట్టాడు, ఇలాంటివి ఇక్కడ కుదరవన్నాడు. అక్కడే ఉన్న క్రెయిగ్ రాడ్‌వెల్ అనే కుర్రాడికి, న్యూయార్కులో పుస్తకాల షాపు నడిపేవాడు, ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకునే హక్కు కోసమే కదా వచ్చింది, ఇక్కడే పట్టుకోకూడదంటే ఇంక ఊరేగింపెందుకు? ఆ నవంబర్లో రాడ్‌వెల్, ఎలెన్ బ్రాయిడీ, లిండా రోడ్స్, ఫ్రెడ్ సార్జెంట్ కలిసి ఒక తీర్మానం పెట్టించారు: ఇకనుంచి ఏటా జూన్ చివరి శనివారం న్యూయార్కులో మార్చ్ జరగాలి, బట్టల మీదా వయసు మీదా నిబంధనలేవీ ఉండకూడదు. బావకి గిట్టని ఆ రంగుల బట్టలున్నాయే, అవి మధ్యలో వచ్చి చేరిన వెర్రి కావు, పుట్టుకలోనే రాసిపెట్టుకున్న షరతు.

కామెనీని పిరికివాడని తీసిపారెయ్యలేను. ఆ కాలంలో సొంత పేరుతో ప్రభుత్వం మీద కోర్టుకెక్కడం అంటే మాటలా? నేను ఆ రోజుల్లో ఉండుంటే కోటు వేసుకుని కూడా వెళ్లుండేవాణ్ని కాదు. కానీ పద్ధతికి ఒక గుణం ఉంది, అది ఎప్పుడూ మనలోనే ఎవరో ఒకరి చెయ్యి విడగొట్టి గానీ ఊరుకోదు. 

1970 జూన్ 28న మొదటి మార్చ్ క్రిస్టఫర్ స్ట్రీట్ నుంచి సెంట్రల్ పార్కు దాకా సాగింది. పర్మిట్ చేతికొచ్చింది ఆ రోజే. ట్రక్కుల మీద సంగీతం లేదు, రంగుల హోరు లేదు. బయల్దేరినప్పుడు కొద్ది వందల మంది, పార్కుకి చేరేసరికి వేలు. మధ్యలో రాళ్లు పడతాయన్న భయంతో ఎంత వేగంగా నడిచారంటే అనుకున్న టైములో సగానికే చేరిపోయారని వాళ్లే తర్వాత నవ్వుకుంటూ చెప్పుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు మార్చ్ చెయ్యబోతే అక్కడి పోలీసు పెద్ద దొంగలకి పర్మిషనిచ్చినట్టే అన్నాడు, మొత్తం 15 లక్షల డాలర్ల బాండ్లు కట్టమన్నారు, కోర్టు చివాట్లేస్తే గానీ దారివ్వలేదు.

వేగంగా నడవడం దగ్గర నా సంగతి చెప్పుకోవాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మార్చ్‌లో లేను, ఎదురు ఫుట్‌పాత్ మీదున్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, వాళ్ల పక్కనే, మధ్యలో డివైడర్ ఉండగా, అర కిలోమీటరు నడిచాను. ఎవరన్నా తెలిసినవాళ్లు చూస్తే? ఒకటే టెన్షన్. అవతల చీర కట్టుకున్న ఒక హిజ్రా నా వంక చూసి చెయ్యి ఊపింది. ఆ నటన ఆమెకి ఒక్క చూపులో అర్థమైపోయిందని నాకూ అర్థమైంది. ఆ ఏడాది నేను రోడ్డు దాటలేదు. రెండో ఏడాది కాగితం మాస్కు పెట్టుకుని దాటాను. బావకి దొరికిన ఫొటో మూడో ఏడాదిది.

ఆ చీర కట్టుకున్న మనిషి దగ్గరికే రావాలి, ఎందుకంటే ఈ కథలో మేం చేసిన తప్పులు కూడా ఉన్నాయి. 1973లో న్యూయార్కు ర్యాలీలో సిల్వియా రివేరా అనే ట్రాన్స్ ఉద్యమకారిణి స్టేజీ ఎక్కి, జైళ్లలో మగ్గుతున్న మనవాళ్ల గురించి మీకు పట్టదా అని అడుగుతుంటే కింద ఉన్న జనం గేలి చేశారు. స్టోన్‌వాల్ జరిగి నాలుగేళ్లే. చదువు, ఉద్యోగం, మంచి చొక్కా ఉన్నవాళ్లకి కొంచెం మర్యాద దొరకగానే వెనకున్నవాళ్లు నామోషీ అయిపోయారు. మన దగ్గర ఇది లేదనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఇంగ్లీషులో గే అని చెప్పుకునే నా లాంటి వాడు, తనని "తేడా" అంటే గింజుకుంటాడు గానీ, "మేం వాళ్లలా కాదండీ" అని హిజ్రాల వైపు వేలు చూపించడానికి వెనకాడడు. నేనూ అన్నాను ఆ మాట, ఇంట్లో, మొదటి రోజుల్లో, అమ్మకి ధైర్యం చెప్తున్నాననుకుంటూ.

రోడ్డెందుకు అన్నదానికి అసలైన జవాబు వాళ్ల దగ్గరుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో హిజ్రాల కోసం ప్రత్యేకంగా ఒక భాగం పెట్టి, రిజిస్టర్లలో పేర్లెక్కించారు. దాన్ని పోలినదే నిజాం రాజ్యంలో వాళ్ల ఫసలీ లెక్కలో 1329లో, అంటే 1919లో వచ్చింది. రిజిస్టర్లో పేరున్న మనిషి ఆడవాళ్ల బట్టలతో, నగలతో వీధిలో కనపడినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు, రెండేళ్ల దాకా జైలు. మళ్లీ చదవండి. చీర కట్టుకుని రోడ్డు మీద డాన్సు చెయ్యడం, అచ్చంగా అదే నేరం. నిజాం పోయాడు, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉంది. ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి, మరికొందరూ హైకోర్టుకి వెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంట్లో ఎలా ఉన్నా పర్లేదు, రోడ్డు మీద మాత్రం కనపడొద్దు అన్నది చట్టం పెట్టిన షరతు బావా. మరి జవాబు ఎక్కడ చెప్పాలి, వంటింట్లోనా?

మన దేశంలో ఈ నడక చాలా చిన్నగా మొదలైంది. 1992 ఆగస్టులో ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ వాళ్లు పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు చేసిన నిరసన తొలి అడుగుల్లో ఒకటి. 1999 జులై 2న కోల్‌కతాలో 15 మంది పసుప్పచ్చ టీషర్టులు వేసుకుని నడిచారు. దానికి ప్రైడ్ అని కూడా పేరు పెట్టలేదు, ఫ్రెండ్‌షిప్ వాక్ అన్నారు. పదిహేను మంది అంటే మా ఇంట్లో సంక్రాంతికి వచ్చే జనం అంత కూడా కాదు. సరిగ్గా పదేళ్ల తర్వాత, 2009లో అదే జులై 2న, ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ కోరలు పీకింది. తేదీ కలవడం యాదృచ్ఛికమే, కానీ నాకు తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. 2008 జూన్ 29న ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాల్లో ఒకే రోజు మార్చ్‌లు జరిగాయి, ఢిల్లీలో మొహం చూపించలేనివాళ్ల కోసం మాస్కులు పంచారు.

2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, వీళ్లు దేశంలో అతి కొద్దిమంది అన్నది. నాకు అప్పుడు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. కనపడితే జైలన్నారు, కనపడలేదు కాబట్టి లేరన్నారు. లెక్కలోకి రావాలంటే ముందు బయటికి రావాలి. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జిలు ఒక్క మాట మీద ఆ తీర్పుని తోసేశారు. 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమన్నారు. కాబట్టి "అన్నీ వచ్చేశాయిగా, ఇంకా ఎందుకీ ఊరేగింపులు" అనేవాళ్లకి చెప్పాల్సింది పెద్దగా లేదు.

డాన్సు గురించి ఒక్కటి. 1980ల్లో ఎయిడ్స్ వచ్చి స్నేహితుల్ని వారానికొకర్ని పాతిపెడుతున్న రోజుల్లో కూడా ఆ మార్చ్‌లు ఆగలేదు. 1987 అక్టోబర్లో వాషింగ్టన్‌లో చనిపోయినవాళ్ల పేర్లు కుట్టిన 1,920 బట్ట ముక్కల్ని పచ్చిక మీద పరిచారు, ఒక్కో ముక్కా ఇంచుమించు సమాధంత. చావింటికి డప్పులు తెచ్చుకునే భాషలో పుట్టిన మనకి, ఏడుపూ ఆటా ఒకే ఊరేగింపులో ఎలా ఇముడుతాయని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

జూన్ రాగానే లోగోలకి ఇంద్రధనస్సు పులిమి, జులై ఒకటిన కడిగేసే కంపెనీల గురించి నా దగ్గర ఎక్కువ ఓపిక లేదు. మన దగ్గర మార్చ్‌లు చాలావరకు చలికాలంలో జరుగుతాయి, ఢిల్లీలో నవంబర్ చివర, కోల్‌కతాలో డిసెంబర్లో, అప్పుడు ఆ లోగోలు ఎక్కడుంటాయో వెతుక్కోవాలి. ఢిల్లీ మార్చ్ కంపెనీల డబ్బు తీసుకోకుండా చందాలతోనే నడుస్తోంది, అదే నాకు నచ్చుతుంది. అలాగని పండగంతా వ్యాపారమైపోయిందని నిట్టూర్చేవాళ్లు బుడాపెస్ట్ వైపు చూడాలి. 2025లో హంగరీ ప్రభుత్వం చట్టం తెచ్చి మరీ ప్రైడ్‌ని నిషేధించింది, వచ్చినవాళ్ల మొహాల్ని కెమెరాలతో గుర్తుపడతామంది. జూన్ 28న లక్షకు పైగా జనం వచ్చారు. మొహాలు చూపించే వచ్చారు.

పోయిన మార్చ్‌కి ముందు రోజు అందరం కూర్చుని ప్లకార్డులు రాస్తున్నాం. ఇంగ్లీషులో బోలెడున్నాయి, తెలుగులో నువ్వొకటి రాయి అన్నారు. "గర్వంగా ఉంది" అని రాశాను, ఏదో పరీక్షలో ర్యాంకొచ్చినట్టుంది. కొట్టేశాను. "ఆత్మగౌరవం" రాస్తే ఎన్నికల పోస్టర్ అయిపోయింది. చాలాసేపు స్కెచ్ పెన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాక బావ అడిగింది గుర్తొచ్చింది. పెద్ద అక్షరాలతో "అవును, సిగ్గు లేదు" అని రాసి, ఫొటో తీసి ఆయనకే ముందు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అరగంట తర్వాత జవాబొచ్చింది: "గ్గు కింద వత్తు సరిగ్గా పడలేదు, సర్దు."